పెన్సిల్ పట్టిన పాఠకుడు

మన లైబ్రేరియన్ గారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు నాకు ముందుగా ఆయన బల్ల మీది రబ్బరు ముక్క గుర్తొచ్చింది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిరగేసి, మార్జిన్లలోని పెన్సిల్ రాతలన్నీ చెరిపేసేవారు. డిటెక్టివ్ నవలలతో మరీ పని. మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసి పుణ్యం కట్టుకునే మహానుభావులుండేవారు. అయితే చెరిపే ముందు ప్రతి రాతనూ ఆయన శ్రద్ధగా చదివేవారు. కళ్లారా చూశాను.

ఆ రబ్బరుకు చిక్కని పుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఆబిడ్స్‌లో ఓ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. పేరు ‘ఫేటల్ విజన్’. జో మెక్‌గిన్నిస్ అనే అమెరికన్ జర్నలిస్టు రాశాడు, 1983లో అచ్చయింది. నాకు ముందు చదివిన వారెవరో పెన్సిల్ దించకుండా చదివారు. మొదట్లో పేజీ పేజీకీ ‘పాపం’, ‘పాపం’ అని తెలుగులోనే ఉంది. సగం దాటాక ‘దొంగ’ అని మొదలైంది. ఈ రెండు మాటల మధ్య దూరమే ఇవాళ నా ఉపన్యాసం.

కథ క్లుప్తంగా చెబుతాను. 1970 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున, నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరంలో కెప్టెన్ జెఫ్రీ మెక్‌డొనాల్డ్ ఇంట్లో ఆయన భార్య కోలెట్, కూతుళ్లు ఐదేళ్ల కింబర్లీ, రెండేళ్ల క్రిస్టెన్ హత్యకు గురయ్యారు. కోలెట్ అప్పటికి గర్భిణి. మెక్‌డొనాల్డ్ సైనిక డాక్టరు, వయసు 26. గాయాలతో బయటపడ్డాడు. నలుగురు హిప్పీలు ఇంట్లో జొరబడి ఈ పని చేశారని, వాళ్లలో కొవ్వొత్తి పట్టుకున్న ఆడమనిషి ఒకతె ఉందని చెప్పాడు.

హాల్లో నేల మీద పడి ఉన్న వస్తువుల్లో ‘ఎస్క్వైర్’ పత్రిక ఒకటుంది. అందులో చార్లెస్ మాన్సన్ నడిపిన హిప్పీ హంతక ముఠా గురించి రాసిన భాగం ఉంది. మెక్‌డొనాల్డ్ చెప్పిన కథ ఆ పేజీల్లోంచి పుట్టిందే అన్నది పరిశోధకుల అనుమానం. ఒక పాఠకుడు ఏం చదివాడన్నదే నేరానికి ఆధారమైన కేసులు నాకు ఎక్కువ తెలియవు. పక్కనే కాఫీ టేబులు అంచు మీద నిలబడి ఉంది. పరిశోధకులు పదేపదే పడేసి చూస్తే ప్రతిసారీ పూర్తిగా బోర్లా పడింది. ఇక ఆయన కథ అబద్ధమని తేలిపోయిందనుకుంటే, సైనిక విచారణాధికారి కర్నల్ రాక్ స్వయంగా ఆ ఇంటికెళ్లి టేబుల్ని తన్నాడు. అది పక్కనున్న ఊగుడు కుర్చీకి తగిలి అంచు మీదే నిలిచింది! మెక్‌డొనాల్డ్ మీద మోపిన అభియోగాలను సైన్యం 1970 అక్టోబరులో కొట్టేసింది.

ఇక్కడ ఫ్రెడీ కసాబ్ వస్తాడు. కోలెట్‌కు మారుతండ్రి. విచారణలో అల్లుడి పక్షాన నిలబడి సాక్ష్యం చెప్పాడు. అల్లుడికి అన్యాయం జరిగిందని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఆ విచారణ రికార్డు చదువుతానని అడిగితే మాత్రం అల్లుడు ఇవ్వడానికి వెనకాడాడు. పైగా, ఆ నలుగురిలో ఒకణ్ని తాను వెతికి పట్టుకుని చంపేశానని మామకు చెప్పాడు. అది పచ్చి అబద్ధం. చివరికి రికార్డు చేతికొచ్చింది. సంపుటాల కొద్దీ కాగితాలు. కసాబ్ ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు, గుర్తులు పెట్టుకుని మళ్లీ చదివాడు. 1971లో అనుమతి తెచ్చుకుని ఆ ఇంటికెళ్లి, అల్లుడు చెప్పిన ఒక్కో కదలికనూ గదిగదికీ తిరిగి గంటల తరబడి సరిచూసుకున్నాడు. బయటికొచ్చినవాడు వేరే మనిషి. 1974లో భార్యతో కలిసి ఫెడరల్ కోర్టులో ఫిర్యాదు వేశాడు. 1979 ఆగస్టు 29న జ్యూరీ మెక్‌డొనాల్డ్‌ను దోషి అంది. మూడు యావజ్జీవ శిక్షలు పడ్డాయి.

నన్నడిగితే ఈ పుస్తకానికి సంబంధించి అసలైన పాఠకుడు కసాబే, పుస్తకం పుట్టక ముందే. మనం కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ‘వీడే’ అంటాం. ఆయన నమ్మినది చెడిపోతే పోయేది అల్లుడు, ఇన్నాళ్లూ ఊరికి చెప్పిన మాట, కూతురి చావు గురించి తనకు తాను చెప్పుకున్న ఓదార్పు. అన్నీ పణంగా పెట్టి చదివాడు.

రెండో పాఠకుడు మెక్‌డొనాల్డే. మెక్‌గిన్నిస్‌ను తన గురించి రాయమని పిలిచింది ఆయనే. కేసు నడిచినన్నాళ్లూ రచయిత డిఫెన్సు బృందంతోపాటే మకాం పెట్టాడు. శిక్ష పడ్డాక కూడా జైలుకు సానుభూతి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. జైల్లోంచి మెక్‌డొనాల్డ్ తన జీవితమంతా టేపుల్లోకి చెప్పి పంపాడు. పుస్తకం రాబోతోందనగా టీవీ జర్నలిస్టు మైక్ వాలెస్ కెమెరా ముందు కొన్ని భాగాలు చదివి వినిపించాడు. పుస్తకం తననే హంతకుడంటోందని మెక్‌డొనాల్డ్‌కు అప్పుడే తెలిసింది. 1984లో రచయిత మీద దావా వేశాడు. 1987లో ఆరుగురు జ్యూరీ సభ్యుల్లో ఐదుగురు శిక్ష పడ్డ హంతకుడి వైపే మొగ్గారు. తీర్పు తేలలేదు. చివరికి 3,25,000 డాలర్లకు రాజీ కుదిరింది.

సాధారణ పాఠకులు? పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. 1984లో టీవీ సీరియల్‌గా వస్తే కసాబ్ పాత్ర వేసిన కార్ల్ మాల్డెన్‌కు ఎమీ అవార్డు వచ్చింది. 1990లో ఆ దావా గురించి జానెట్ మాల్కం అనే జర్నలిస్టు రాసిన పుస్తకం వచ్చాక కోపం మెక్‌గిన్నిస్ మీదికి మళ్లింది. ఆవిడ మీదా అప్పటికే ఒక పరువునష్టం దావా నడుస్తోందని గుర్తుచేసి నవ్వినవాళ్లూ ఉన్నారు. 2012లో ఇదే కేసు మీద ఎరల్ మోరిస్ రాసిన పుస్తకం చదివినవాళ్లలో కొందరికి ఖైదీ అమాయకుడే అనిపించింది. ఒకే ఇల్లు, మూడు పుస్తకాలు, మూడు కోపాలు. నావి కూడా మూడుసార్లూ మారాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నా పుస్తకంలోని ఆ పాత పాఠకుడు చాలా చోట్ల ‘ఎందుకు?’ అని రాశాడు. కోర్టుకు ఆ ప్రశ్న అక్కర్లేదు, ఎవరు చేశారో రుజువైతే చాలు. పాఠకుడికి అది లేకుండా నిద్ర పట్టదు. ఆ ఆకలి తెలిసే మెక్‌గిన్నిస్ చివర్లో ఒక ఊహ వడ్డించాడు. మెక్‌డొనాల్డ్ లాయర్ల కోసం రాసిన కాగితాల్లో బరువు తగ్గే మాత్రల ప్రస్తావన దొరికింది. ఆ మత్తులో పూనకంలాంటి కోపం వచ్చి ఉండొచ్చన్నది ఆ ఊహ. నాకది అతికించిన ముక్కలా అనిపిస్తుంది. నా పాత పాఠకుడికి మాత్రం తృప్తి కలిగినట్టుంది, అక్కడ పెద్ద టిక్కు పెట్టాడు.

చివరి ఖాళీ పేజీలో ఆయనో, ఆవిడో ఆ ఇంటి నక్షా గీసుకున్నారు. కసాబ్ నడిచిన గదులే. హాలు, సోఫా, అంచు మీద నిలబడ్డ టేబులు, పెద్దల పడకగది. వాటికి బాణాలు, అంకెలు, ప్రశ్నార్థకాలు. పిల్లల గదులు రెండూ ఉత్త చతురస్రాలు. ఒకదాంట్లో ఏదో రాసి, మళ్లీ రబ్బరుతో చెరిపేశారు. కాగితాన్ని దీపానికి ఎత్తి పట్టుకుని చాలాసార్లు చూశాను. ‘క్రి’ అన్న అక్షరం దాకా కనిపిస్తుంది.