మేకపాలు: ముందు పిల్లకు, తర్వాత ఇంటికి, ఆ తర్వాతే అమ్మకానికి

(సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ విత్తనం గురించి, అప్పు గురించి, గిట్టుబాటు ధర గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మేక గురించి చెప్పమన్నారు. అదీ మాంసానికి పెంచే మేక గురించి కాదు, పాడి మేక గురించి. దీనికి కారణం ఉంది. ఈ మధ్య మన ఊళ్లలోకి కొత్త బేరగాళ్లు వస్తున్నారు. "ఇరవై పాలమేకలు, ఒక పోతు, షెడ్డు అన్నీ మేమే ఇస్తాం, పాలు కూడా మేమే కొంటాం, మీరు అప్పు మాత్రం తీసుకోండి" అంటున్నారు. మన సభ్యుల్లో కొందరు సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు. సంతకం పెట్టేముందు తెలుసుకోవలసిన లెక్క చెప్పడానికే నిలబడ్డాను.

2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 15 కోట్ల మేకలున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపితే సుమారు కోటి. ఇన్ని మేకలున్నా దేశంలో వచ్చే మొత్తం పాలలో మేకపాలు నూటికి మూడు నాలుగు వంతులే. మనం మేకను మాంసం ధరతోనే చూస్తాం. దాని పొదుగులో ఉన్నది పిల్లకు పోతుంది. అది తప్పు కాదు. అయితే కాస్త మేపు, కాస్త పద్ధతి కలిస్తే ఆ పొదుగు మన పిల్లలకు కూడా ఒక గ్లాసు పాలు ఇవ్వగలదు. రెండెకరాల మెట్టవాడు గేదెను కొనలేడు, కొన్నా ఎండాకాలం మేపలేడు. ఒక పాడిగేదె డబ్బుతో అరడజను మేకలు వస్తాయి. గేదె చస్తే ఇల్లు కూలుతుంది. మేక చస్తే నష్టమే, కానీ మిగతావి ఉంటాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మన నాటు మేక రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా ఇస్తుంది. పుట్టిన పిల్ల రెండు కిలోలు ఉంటుంది. దాని బరువులో పదో వంతు పాలు రోజూ దానికి కావాలి. నెల తిరిగేసరికి ఐదు కిలోలు తూగితే అరలీటరు తాగుతుంది. కవల పిల్లలైతే లీటరు. అంటే ముప్పావు లీటరు ఇచ్చే మేకకు రెండు పిల్లలుంటే మనకు మిగిలేది ఏమీ లేదు. అక్కడ పిండితే పిల్ల నోటి దగ్గరిది లాక్కున్నట్టే. పిల్ల ఎదగదు, సంతలో ధర పడిపోతుంది. పాలమీద వచ్చిన పది రూపాయలు మాంసం మీద పోతాయి. ఈ లెక్క బేరగాడు చెప్పడు. ఇరవై మేకలను రోజుకు రెండేసి లీటర్లతో గుణించి చూపిస్తాడు.

రెండు లీటర్లు ఇచ్చే మేకలు లేవా అంటే, ఉన్నాయి. జమునాపారి ఉంది, పంజాబు బీటల్ ఉంది. కానీ జమునాపారి సొంత ఊరు ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లా, యమునా చంబల్ నదుల మధ్య లోయలు. అక్కడి కంపచెట్ల ఆకు తింటూ తిరిగే మేక అది. దాన్ని లారీలో తెచ్చి మన షెడ్డులో కట్టి ఎండుగడ్డి వేస్తే ఆ పాలు రావు. దూరం తెచ్చిన జీవాలు మొదటి వానాకాలంలోనే ఎక్కువగా జబ్బు పడతాయి. అందుకని ఆడమేకలను కొనకండి, మంచి పోతును తెచ్చుకోండి. ఇరవై, పాతిక ఆడమేకలకు ఒక పోతు చాలు. పది కుటుంబాలు కలిసి ఒక పోతును కొని వంతులవారీగా మేపుకోవచ్చు. తల్లి ఎన్ని పాలు ఇచ్చిందో కళ్లతో చూసి పోతుపిల్లను ఎంచుకోవాలి. బాగా ఎదిగిన మేకలనే దానికి కట్టించండి. చిన్న మేకకు పెద్ద జాతి పోతు పడితే ఈత కష్టమవుతుంది. రెండు మూడేళ్లకొకసారి పోతును పక్క ఊరితో మార్చుకోండి. లేకపోతే దాని బిడ్డలకే అది పడుతుంది.

పాలు తీసే పద్ధతి కూడా ఉంది. ఈనిన గంటలోపు ముర్రుపాలు పిల్ల కడుపులో పడాలి. మొదటి మూడు నాలుగు వారాలు పాలన్నీ పిల్లవే. ఆ తర్వాత రాత్రిపూట పిల్లలను వేరే గంప కిందో దడిలోనో ఉంచండి. పొద్దున ఒక్కపూట పిండుకుని, కొంచెం పొదుగులో వదిలి, పగలంతా పిల్లలను తల్లితోనే తిరగనివ్వండి. అప్పటికే పిల్ల లేత ఆకు కొరకడం మొదలుపెడుతుంది కాబట్టి తట్టుకుంటుంది. మేక చూడికాలం ఐదు నెలలు. రెండు మేకలను ఆరు నెలల తేడాతో ఈనేటట్టు కట్టిస్తే ఇంట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు పాలుంటాయి.

మేపు లేకుండా పాలు లేవు. గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ వేయండి. బోరు దగ్గర నాలుగు సాళ్లు దశరథగడ్డి చాలు. పాలిచ్చే మేకకు పచ్చిమేత కాక రోజుకు పావుకిలో దాణా పడాలి. తవుడు, వేరుశనగ చెక్క, నలగ్గొట్టిన జొన్న, కాస్త ఉప్పు. తొలకరికి మొలిచిన లేత జొన్న పిలకల్లోకి మాత్రం వదలకండి, అందులో విషం ఉంటుంది.

మేకపాలు వాసన అంటారు. ఆ వాసన చాలావరకు పోతుది, దొడ్డిది. పోతును పాలమేకలకు దూరంగా కట్టేయండి. పొదుగు కడిగి, శుభ్రమైన స్టీలు గిన్నెలోకి పిండి, వెంటనే కాచండి. పచ్చిపాలు ఎవరికీ ఇవ్వొద్దు. ఈసుకుపోయిన మేక మావిని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. బ్రూసెల్లోసిస్ అనే జ్వరం మేక నుంచి మనిషికి వస్తుంది.

ఇంకో రెండు మాటలు కచ్చితంగా చెప్పాలి. ఏడాది లోపు పసిబిడ్డకు తల్లిపాలకు బదులు మేకపాలు పట్టొద్దు. వాటిలో ఫోలిక్ యాసిడ్ చాలా తక్కువ, బిడ్డకు రక్తం తగ్గుతుంది. రెండోది డెంగ్యూ. డెంగ్యూ రోజుల్లో మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ప్రచారం చేసి లీటరును వందల రూపాయలకు అమ్ముతారు. దానికి రుజువు లేదు. డెంగ్యూ వచ్చినవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన సంఘం సభ్యులు ఆ అబద్ధం మీద ఒక్క గ్లాసు కూడా అమ్మకూడదు. ఇవాళ ధర వస్తుంది, రేపు ఒక ప్రాణం పోతే మేకపాలంటేనే జనం నమ్మరు.

ఇక అమ్మకం. పాలకేంద్రంలో వెన్నశాతం చూసి ఆవుపాలు, గేదెపాలు తీసుకుంటారు. మేకపాలకు ఆహార భద్రతా చట్టం కింద వేరే ప్రమాణాలున్నాయి. కానీ మన కేంద్రాల్లో వాటికి వేరే డబ్బా లేదు, వేరే ధర లేదు. గేదెపాలలో కలిపి పోయడం తప్పు, పట్టుబడితే మొత్తం కుటుంబం ఖాతా పోతుంది. కాబట్టి కొనేవాడు ఎదురుగా ఉండి, రాతపూర్వకంగా ధర చెప్పి, వారం వారం డబ్బిచ్చేదాకా అమ్మకం మీద లెక్క కట్టుకోకండి. అప్పు అసలే వద్దు. రెండు మేకలతో మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లలు తాగగా మిగిలితే అప్పుడు పక్కింటికి.

ప్రభుత్వం ఏం చేస్తోందో కూడా చూడాలి. 2021-22లో తిరగరాసిన జాతీయ పశుధన మిషన్‌లో గొర్రెలు, మేకలకు పెట్టుబడిలో సగం సబ్సిడీ ఉంది. కానీ కనీసం 100 ఆడజీవాలు, 5 పోతులు ఉండాలి. అక్కడ 10 లక్షలతో మొదలై 500 జీవాలకు 50 లక్షల దాకా వెళుతుంది. నాలుగు మేకలున్న ఒంటరి మహిళకు ఆ కాగితంలో చోటు లేదు. వంద జీవాలకు షెడ్డు వేయగలవాడికి సబ్సిడీ, ఊరి బంజరులో మేపుకునేదానికి ఆ బంజరు చుట్టూ కంచె. సంఘం మాట్లాడవలసింది ఇక్కడే.

మన కోర్కెలు నాలుగు. ఐదు మేకల యూనిట్‌కు కూడా సబ్సిడీ, బీమా ఇవ్వాలి. ప్రతి గ్రామ సమూహానికి పశుసంవర్ధక శాఖ పాడి జాతి పోతును ఇవ్వాలి. పారుడు రోగం, అదే పీపీఆర్, 2030 నాటికి నిర్మూలిస్తామని కేంద్రం చెప్పింది కాబట్టి ఆ టీకా ప్రతి చిన్న మందకూ అందాలి. చిటుకు రోగం టీకా వానలకు ముందే, మే నెలలోనే వేయాలి, పచ్చిక మొలిచాక వేస్తే లాభం లేదు. గ్రామ బంజర్లను మేతకు వదలాలి.

వచ్చే నెల సమావేశానికి ఒక్కో గ్రామ శాఖ ఒక కాగితం తేవాలి. ఊళ్లో ఎన్ని కుటుంబాలకు పది లోపు మేకలున్నాయి, పోయిన ఏడాది పీపీఆర్ టీకా ఎన్నింటికి పడింది, మేత బంజరు ఎంత మిగిలింది. ఈ మూడు అంకెలు చాలు. వాటితోనే తహసీల్దారు దగ్గరికీ, పశువైద్యాధికారి దగ్గరికీ వెళదాం. ఆ బేరగాడి కాగితం మీ దగ్గరుంటే అది కూడా తీసుకురండి, సంతకం పెట్టకుండా. అందరం కలిసి చదువుదాం.