కొత్తవారికి ఏ ఐరన్?

గోల్ఫ్ కొత్తగా మొదలుపెట్టినవారికి బంతి ఐరన్ అనే క్లబ్ ముఖం నడిమధ్యన తగలడం అరుదు. పక్కకు తగిలిందా, క్లబ్ తల మెలితిరుగుతుంది, బంతి దారి తప్పుతుంది. నార్వేలో పుట్టి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ దీనికి విరుగుడు ప్రచారంలోకి తెచ్చారు. తల వెనకభాగం తొలిచి, ఆ బరువును అంచులకు పంచారు. బరువు అంచుల్లో ఉంటే తల అంత తేలిగ్గా తిరగదు. ఆయన కంపెనీ పింగ్ 1980లలో తెచ్చిన ఐ 2 ఐరన్లు ఈ పద్ధతికి ఎంతో పేరు తెచ్చాయి.

అందుకని దుకాణంలో క్లబ్‌ను తిప్పి వెనక చూడండి. గుంట ఉండాలి. అడుగు వెడల్పుగా ఉంటే నేలలోకి దిగబడదు. కత్తిలా పలచగా మెరిసే బ్లేడ్లు చూడముచ్చటగానే ఉంటాయి, వాటి జోలికి ఇప్పుడే పోకండి.

మరో మాట. "ఈ ఏడో నంబరు ఐరన్ ఎక్కువ దూరం కొడుతుందండీ" అని అమ్మేవాడు ఊరిస్తే మురిసిపోవద్దు. ముఖం వాలు తగ్గించి, పాత ఆరో నంబరుకే ఏడని ముద్ర వేసి ఉండొచ్చు! వాలు ఎన్ని డిగ్రీలో అడగండి. పాతకాలం ఏడో నంబరుకు సుమారు 35, ఇప్పటివాటికి 30, అంతకన్నా తక్కువ కూడా. ఇక మూడు, నాలుగు నంబర్ల ఐరన్లకు డబ్బు పెట్టకండి, వాటి బదులు తేలిగ్గా కొట్టగల హైబ్రిడ్ క్లబ్ తీసుకోండి. కొనేముందు నాలుగు బంతులు కొట్టి చూడనివ్వని చోట మాత్రం కొనవద్దు.