బొమ్మ కొన్న తల్లిదేనా తప్పు?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల మహిళా కార్యకర్తలు పెనుకొండలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టాల గురించి చెప్పమని నన్ను పిలిచారు. ముందు ఒక బొమ్మ గురించి చెప్తాను.

మాది ధర్మవరం. మా వీధిలో ఒక చేనేత కుటుంబం ఉంది. తిరునాళ్లలో 20 రూపాయలు పెట్టి బిడ్డకు లైటు బొమ్మ కొన్నారు. మరుసటి రోజు అది కిందపడి అడుగు మూత ఊడిపోయింది. లోపలున్న గుండ్రటి చిన్న బ్యాటరీని ఏడాదిన్నర బిడ్డ మింగేసింది. తల్లి ఆ పక్కనే కూర్చుని కండెలు చుడుతోంది. ఆస్పత్రికి వాళ్లతో నేనూ వెళ్లాను. బ్యాటరీ తీశారు, బిడ్డ బతికింది. కానీ గొంతులో పుండు మానేదాకా ఆ పసిదానికి గంజే ఆహారమైంది. గొంతులో ఇరుక్కున్న ఇలాంటి బ్యాటరీ రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వస్తే చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ మాట ప్రతి ఇంట్లో చెప్పండి.

ఆ రోజు అత్త, మొగుడు, ఆటోలో కూర్చున్నవాళ్లు అందరూ అడిగింది ఒకటే: "బిడ్డను చూసుకోకుండా ఏం చేస్తాంటివే?" ఆ మూతకు స్క్రూ ఎందుకు లేదని ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

చట్టం మాత్రం ఆ ప్రశ్న అడుగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2020లో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2021 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మ ఇక్కడ తయారైనా, విదేశాల నుంచి వచ్చినా ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండి తీరాలి. ఆ గుర్తు వెనుక పరీక్షలున్నాయి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మ నుంచి ఊడే ఏ ముక్కా సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పూర్తిగా పట్టేంత చిన్నది కాకూడదు. మింగగలిగే బ్యాటరీ పనిముట్టు లేకుండా చేతికి రాకూడదు. రంగులో నుంచి సీసం, పాదరసం, కాడ్మియం వంటివి పరిమితికి మించి బయటికి రాకూడదు. గుర్తు లేకుండా అమ్మితే, 2016 బీఐఎస్ చట్టం ప్రకారం మొదటి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షలకు తగ్గని జరిమానా అని రాశారు.

ఈ ఉత్తర్వులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి. బొమ్మ ప్రమాదకరంగా ఉంటే బాధ్యత తయారుచేసినవాడిది, అమ్మినవాడిది. తల్లి కళ్ల మీద ఆ భారం పెట్టలేదు. మనకిది కొత్త కాదు. పాలడబ్బాలు, పాలసీసాల విషయంలోనూ "నీకు పాలు లేవు, నీదే లోపం" అని తల్లినే అన్నారు. ప్రకటనలతో ఆ భయాన్ని పెంచిన కంపెనీలకు పగ్గం వేసింది 1992లో వచ్చిన చట్టం. శిశువుల పాలపొడికీ, పాలసీసాలకూ ప్రకటనలు చేయడం దానితో నేరమైంది.

ఉదయం హిందూపురం నుంచి వచ్చిన ఒక అక్క మంచి ప్రశ్న వేసింది: "సంతలో బొమ్మలమ్ముకునే ఆడమనిషి కూడా మనలాంటిదే కదా, ఆమె మీద కేసు పెట్టమంటారా?" పెట్టమనను. కానీ చిక్కు ఎక్కడుందో చూడండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తయారుచేసింది ఎవరో తెలియకపోతే అమ్మినవాళ్లే నష్టానికి జవాబు చెప్పాలి. తన పేరు లేకుండా బొమ్మ చేసినవాడు తప్పించుకుంటాడు. గంపలో పెట్టి అమ్మే ఆమె దొరికిపోతుంది. అందుకే ఆమె దగ్గరికి వెళ్లి, సరుకు ఎక్కడ తెచ్చింది, బిల్లు ఇచ్చారా అని అడగాలి. టోకు గోదాముల దగ్గర తనిఖీ జరగాలని మనం పట్టుబట్టాలి. బొమ్మలమ్మే ఆడవాళ్లు కూడా ఈ పోరాటంలో మనతో ఉండాలి. తప్పు సంతల్లోనే జరుగుతోందని కూడా అనుకోవద్దు. బీఐఎస్ నెల రోజుల తనిఖీల్లో విమానాశ్రయాల్లో, మాల్స్‌లో ఉన్న పెద్ద షాపుల నుంచి గుర్తు లేని బొమ్మలు 18,600 పట్టుకున్నట్టు 2023 జనవరిలో ప్రకటించింది.

ఇక చేతివృత్తులవారి సంగతి. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైనవారికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలు చేసేవారికి 2020 డిసెంబరులో మినహాయింపు ఇచ్చారు. పరీక్షల ఖర్చు వాళ్లు మోయలేరు కనుక అది న్యాయమే. ఏటికొప్పాకలో లక్కకు చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి బొమ్మలు చేస్తున్నారు. అయితే మినహాయింపు ఇచ్చినంత మాత్రాన సీసం ప్రమాదం పోదు. కొనేటప్పుడు రంగు ఏమిటని అడగడం వాళ్లను అవమానించడం కాదు.

మనం చేయవలసినవి చెప్తాను. ఐ.ఎస్.ఐ. గుర్తు ఊరికే ముద్రించుకునేవాళ్లూ ఉంటారు. గుర్తు దగ్గర సి.ఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో అది నిజమో కాదో తెలుస్తుంది. మన అంగన్‌వాడీలకు వచ్చిన బొమ్మల మీద ఆ గుర్తు ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఎవరు సరఫరా చేశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. నష్టం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కొన్న వస్తువు ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. బొమ్మను, దాని డబ్బాను, ఆస్పత్రి కాగితాలను పారేయవద్దు.

అన్నిటికంటే ముందు, మన నోటి నుంచి "తల్లి నిర్లక్ష్యం" అనే మాట పోవాలి.

ఆ తల్లి ఆ బొమ్మను పారేయలేదు. పాత గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టింది. ఎందుకే అంటే, "ఎవరన్నా అడిగితే చూపిద్దామని అక్కా" అంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వచ్చే వారం మనం కొందరం వెళ్లి ఆ మూట విప్పించి, ఫిర్యాదు రాద్దాం. ఎవరెవరు వస్తారో పేర్లివ్వండి.