ఆర్డరూ ఉండాలి, బజారూ ఉండాలి

(సికింద్రాబాద్‌లో జరిగిన సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఇక్కడ నిలబడి పొదుపు ఎంత, అప్పులు ఎంత, కిస్తీలు సరిగ్గా వస్తున్నాయా లేదా అని చెప్తాం. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలో ఉన్నాయి, బుక్ కీపర్లు చదివి వినిపిస్తారు. ఈసారి మేము వేరే మాట ఎత్తుకున్నాం. మీ చేతిలో ఉన్న నివేదికలో కుట్టు సెంటర్ పేజీ తీయండి. ఆదాయం వైపు చూడండి. దాదాపు డబ్బంతా ఒక్క వరుసలోనే ఉంది: బడి పిల్లల యూనిఫారాల ఆర్డర్. దాని కింద 'బయటి అమ్మకాలు' అని ఇంకో చిన్న వరుస ఉంది. ఆ వరుస రాసేటప్పుడు మాకే మొహం చిన్నబోయింది.

ఆర్డర్ మనకు అన్నం పెట్టింది, కాదనం. కానీ ఎండాకాలంలో రాత్రి పది దాకా మిషన్లు తొక్కుతాం, బడులు తెరిచాక అవే మిషన్ల మీద పాత చీర కప్పి పెడతాం. పోయినేడు బిల్లు నెలల తరబడి ఆగింది. ఏ ఆఫీసులో ఆగిందో ఇక్కడ అవసరం లేదు. 'రేపు రండమ్మా' అన్నారు, తిరిగాం. ఆ నెలల్లో కూలి డబ్బు కోసం పుస్తెలు కుదవపెట్టిన చెల్లెలు ఈ హాల్లోనే కూర్చుంది. ఆ ఆర్డర్ ఒక ఏడు రాకపోతే మన సంగతేంటి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే, ఇదే కష్టం ఫ్యాక్టరీలకు, ఊళ్లకు, దేశాలకు దేశాలకే వచ్చిందని తెలిసింది. కొందరు మునిగారు, కొందరు తేలారు. ఎవరు ఎందుకు తేలారో నాలుగు మాటల్లో చెప్తాం.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. కవాడిగూడలో ప్రాగా టూల్స్, సనత్‌నగర్‌లో ఆల్విన్, బాలానగర్‌లో ఐడీపీఎల్. మీలో ఎంతమంది నాన్నలో మామలో ఈ గేట్లలో డ్యూటీకి పోయి ఉంటారు! అప్పట్లో ఏ ఫ్యాక్టరీ పెట్టాలన్నా సర్కారు లైసెన్స్ కావాలి. ఎంత తయారు చేయాలో కూడా పైనుంచే చెప్పేవాళ్లు. సరుకు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ. బజాజ్ చేతక్ స్కూటర్ బుక్ చేసుకుంటే ఏళ్ల తరబడి ఎదురు చూసేవాళ్లు. అలాంటప్పుడు కొనేవాళ్లకు ఏం నచ్చుతుంది అని అడిగే అవసరం తయారు చేసేవాళ్లకు ఎక్కడిది?

1991 జులైలో అది మారింది. పి.వి. నరసింహారావు గారు ప్రధాని, మన్మోహన్ సింగ్ గారు ఆర్థిక మంత్రి. చాలా పరిశ్రమలకు లైసెన్స్ తీసేశారు, బయటి కంపెనీలకు తలుపు తెరిచారు. 1942లో మొదలై మన ఇళ్లకు ఫ్రిజ్‌లు, బీరువాలు ఇచ్చిన ఆల్విన్ ఆ పోటీలో నిలబడలేకపోయింది. దాని ఫ్రిజ్ విభాగం 1990లలో వోల్టాస్ చేతికి పోయింది. 1961లో సోవియట్ సాయంతో ఏర్పడిన ఐడీపీఎల్ కూడా ఖాయిలా పడింది. ఆ పనివాళ్లకు పని రాక కాదమ్మా. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్ మందుల పరిశ్రమ అంతా ఆ బాలానగర్ గేటు దగ్గర నేర్చుకున్న చేతుల మీద పెరిగిందంటే తప్పు కాదు. అంటే పనితనం ఉంది. కొనేవాళ్లను వెతుక్కోవడం, ధర కట్టుకోవడం ఆ ఫ్యాక్టరీలకు అలవాటు లేదు.

మన కుట్టు సెంటర్ కూడా అచ్చం అట్లనే ఉంది. యూనిఫారం ఆర్డర్‌లో బట్ట వాళ్లే ఇస్తారు, కొలతలు వాళ్లే ఇస్తారు, రేటు వాళ్లే కడతారు, సరుకు వాళ్లే తీసుకుపోతారు. మనం అమ్మేది మన చేతి కూలి ఒక్కటే. పోయినేడు దసరా ముందు మనం లంగాలు కుట్టి జనరల్ బజార్‌కు తీసుకుపోయాం. షాపాయన తిప్పి చూసి, కుట్టు బాగుందన్నాడు. తర్వాత మూడు ప్రశ్నలు అడిగాడు. 'వారానికి ఎన్ని ఇస్తారు? ఇదే రంగు మళ్లీ దొరుకుతుందా? డబ్బు నెల తర్వాత ఇస్తే పర్వాలేదా?' ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. మూటలు అట్లనే ఆటోలో వేసుకుని వచ్చాం. చివరికి మన సంఘాల్లోనే తలా ఒకటి కొనుక్కున్నాం.

ఇప్పుడు దేశాల సంగతి చూద్దాం. రష్యాలో దశాబ్దాల తరబడి అన్నీ ప్లాను ప్రకారమే నడిచాయి. 1992 జనవరి 2న ఒక్కసారిగా చాలా వస్తువుల ధరల మీద కట్టడి తీసేశారు. ఆ ఏడాదిలోనే ధరలు 25 రెట్లకు పైగా పెరిగాయి. జనం దాచుకున్న పొదుపు మంచులా కరిగింది. అదే ఏడు అక్టోబర్ నుంచి సర్కారు ఫ్యాక్టరీలలో వాటా కోసం మనిషికొక వోచర్ పంచారు, దాని మీద 10,000 రూబుళ్లని రాసి ఉంది. చేతిలో డబ్బు లేని జనం చాలామంది ఆ కాగితాన్ని చౌకగా అమ్ముకున్నారు. కొన్నవాళ్లు ఫ్యాక్టరీలకు యజమానులయ్యారు. అమ్ముకున్నవాళ్లు అదే ఫ్యాక్టరీలో జీతం కోసం నెలల తరబడి ఎదురు చూశారు.

చైనా వేరే దారిలో పోయింది. అక్కడ 1980లలో రెండు ధరల పద్ధతి నడిచింది. ఫ్యాక్టరీ అయినా రైతు అయినా, సర్కారుకు ఇవ్వాల్సిన కోటా సర్కారు ధరకే ఇవ్వాలి. ఆ పైన తయారైంది బజారులో బజారు ధరకు అమ్ముకోవచ్చు. పాత ఆర్డర్‌ను ఒక్కరోజులో తెంపలేదు, దాని కిందే కూర్చోలేదు కూడా. కోటా ఉన్నచోటే ఉంది, బజారు వాటా ఏటా పెరిగింది. కొన్నేళ్లకు బజారే పెద్దదయింది. ఈ పద్ధతిలో లోపం లేదని కాదు. తక్కువ ధరకు వచ్చిన సర్కారు సరుకును పలుకుబడి ఉన్నవాళ్లు బజారులోకి మళ్లించి లాభాలు తిన్నారు. అందుకే రెండు దారులు నడిపేవాళ్లు రెండు ఖాతాలు వేరుగా రాసుకోవాలని కూడా మనం నేర్చుకోవాలి.

పోలండ్‌లో 1990 జనవరి 1న మార్పు వచ్చింది. వీధుల్లో మడత మంచాల మీద సరుకు పరిచి జనం అమ్మకాలు మొదలుపెట్టారు. మన మోండా మార్కెట్ చుట్టుపక్కల బండ్లు చూసినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు మూతపడ్డ ఆ దేశంలోనే, పాలు పోసే రైతుల సహకార సంఘాలు కొన్ని నిలబడ్డాయి. మ్లెకోవిటా, మ్లెక్‌పోల్ అనేవి ఈరోజు కూడా రైతుల సొంత సంఘాలే, ఆ దేశంలోని అతి పెద్ద పాల సంస్థల్లో ఉన్నాయి.

పాల సంగతి వచ్చింది కాబట్టి మన దగ్గరికి తిరిగి వద్దాం. లాలాపేటలో విజయ డెయిరీ మీ అందరికీ తెలుసు. చాలా కాలం మన రాష్ట్రంలో ప్యాకెట్ పాలు అంటే విజయనే. 1991లో పాల వ్యాపారానికి కూడా లైసెన్స్ తీసేశారు. 1992లో హెరిటేజ్ వచ్చింది, తర్వాత ఇంకా ఎన్నో కంపెనీలు వచ్చాయి. ఇంత పోటీలో పల్లెటూరి ఆడవాళ్లు డెయిరీ పెడతామంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ములుకనూరు ఆడవాళ్లు పెట్టారు. ములుకనూరు భీమదేవరపల్లి మండలంలో ఉంది, పాత కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. పి.వి. గారు పెరిగిన వంగర కూడా అదే మండలం. ఢిల్లీలో బజారు తలుపు తెరిచింది వంగర మనిషి అయితే, ఆ తలుపులోంచి ధైర్యంగా నడిచింది పక్క ఊరి ఆడవాళ్లు.

వాళ్లకు పునాది రెండు విధాల దొరికింది. ఒకటి, ఆ ఊళ్లో 1956 నుంచి సహకార బ్యాంకు నడుస్తోంది, లెక్క చెప్పడం, లెక్క అడగడం ఆ ఊరికి అలవాటు. రెండోది, 1995లో మన ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. దేశంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. ఈ చట్టం కింద సంఘంలో సర్కారు వాటా ఉండదు, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. పెత్తనం సభ్యులది, పూచీ కూడా సభ్యులదే. 2000లో ఆ డెయిరీ మొదలైంది. సభ్యులు ఆడవాళ్లే, బోర్డులో కూర్చునేది ఆడవాళ్లే. 'స్వకృషి' పేరుతో వాళ్ల పాలు, పెరుగు అమ్ముడుపోతున్నాయి. వాళ్లు ఒకరి ఆర్డర్ కోసం ఎదురు చూడలేదు. పొద్దునా సాయంత్రం పాలు వస్తూనే ఉంటాయి, అవి ఆ రోజే అమ్ముడుపోవాలి. కొనేవాళ్లు ఎవరో తెలుసుకోక తప్పదు.

ఇవన్నీ విన్నాక మన పని మనం చూసుకుందాం. ముందు ధర లెక్క. మాట వరసకు ఒక లంగా తీసుకుందాం. బట్ట 90 రూపాయలు, దారం, బొందు 6, కుట్టు కూలి 30, కరెంటు, ఆటో, మిషన్ రిపేరు కలిపి 9. మొత్తం 135. షాపాయన 125కు అడిగితే, 'పోనీలే, మొదటి బేరం' అని ఇచ్చేస్తాం. 100 లంగాలకు 1,000 రూపాయలు చేతి నుంచి పోయినట్టే. 150కి ఇస్తే 1,500 మిగులు. అది కూడా డబ్బు నెల తర్వాత వస్తే, ఆ నెలంతా మన 13,500 రూపాయలు షాపులో ఇరుక్కుని ఉంటాయి. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ముందే అనుకోవాలి. ఆర్డర్ పనిలో ఈ లెక్క మనకు ఎప్పుడూ అవసరం పడలేదు. ఇకమీద అవసరం.

ఇంకో మాట దాచకుండా చెప్తాం. ఈ ఏడు ఒక వ్యాపారి మా దగ్గరికి వచ్చాడు. 'పేరు మీది, పని మాది. మహిళా సంఘం పేరు మీద ఆర్డర్ తీసుకోండి, మా వాళ్లు కుట్టిస్తారు, మీకు కమిషన్ ఇస్తాం' అన్నాడు. కష్టం లేని డబ్బు కదా అని మాలో కూడా ఒకరిద్దరికి ఆశ పుట్టింది. రాత్రి దాకా మాట్లాడుకున్నాం. చివరికి వద్దన్నాం. రష్యాలో వోచర్ అమ్ముకున్నవాళ్ల కథే ఇది. మన పేరు ఎన్నో ఏళ్ల పొదుపు, ఎన్నో కిస్తీల నమ్మకం. దాన్ని కమిషన్‌కు అమ్ముకుంటే రేపు ఆ పేరుతో మనకే పని దొరకదు.

కాబట్టి కార్యవర్గం మూడు తీర్మానాలు మీ ముందు పెడుతోంది.

ఒకటి. యూనిఫారం ఆర్డర్‌ను వదలం. కానీ ప్రతి సెంటర్‌లో ఎండాకాలంలో కూడా రెండు మిషన్లు బజారు పనికే ఉంచుతాం. బడులు తెరిచాక మిగతా మిషన్లూ అటే తిప్పుతాం.

రెండు. బజారు పనికి వేరే ఖాతా పుస్తకం పెడతాం. బట్ట కొనడానికి సమాఖ్య నిధి నుంచి అప్పుగానే ఇస్తాం, ఉచితంగా ఇవ్వం. సంఘం అప్పు ఎట్లా కడతామో అట్లనే కిస్తీ కట్టాలి. నష్టం వస్తే వచ్చిందని వచ్చే ఏడు ఇదే పుస్తకంలో అచ్చు వేస్తాం.

మూడు. సమాఖ్య పేరును కమిషన్‌కు ఎవరికీ ఇవ్వం. మన పేరు ఉన్న ప్రతి బట్ట మన సభ్యురాలి చేతి మీదే తయారు కావాలి.

మొదటి ఏడు లాభం వస్తుందని మేము మాట ఇవ్వం. ఆర్డర్ పనిలో వచ్చినంత కూలి మొదట్లో రాకపోవచ్చు కూడా. 'మా ఇంట్లో ఎట్ల గడుస్తది?' అని అడిగే హక్కు మీకుంది, అడగండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. పైనుంచి చెప్తే కింద తలూపడం ప్లాను పద్ధతి, అది మనకు వద్దు.

టీ తాగి వచ్చాక ఒక్కో తీర్మానం చదువుతాం. ఒప్పుకున్నవాళ్లు చెయ్యి ఎత్తండి, ఒప్పుకోనివాళ్లు లేచి కారణం చెప్పండి. రెండూ మినిట్స్ పుస్తకంలో రాస్తాం. ఆ తర్వాత వచ్చే సోమవారం జనరల్ బజార్‌కు మాతో ఎవరెవరు వస్తారో పేర్లు ఇవ్వండి. షాపాయన అడిగిన మూడు ప్రశ్నలకు ఈసారి జవాబుతోనే పోదాం.