ఉగ్గు ఊదే పనిపిల్ల

పిల్లలు ముందు వరుసల్లోకి రండి. ఈ మాటలు ముఖ్యంగా మీకే.

వెర్రిబీ సౌత్‌లో కాలీఫ్లవరు తోటలు వేసిన ఇటాలియన్ కుటుంబాలు మనకంటే ఎంతో ముందుగా ఇక్కడికి వచ్చాయి. డిసెంబరు మండుటెండల్లో ఒకరింట పశువుల పాక, బాల యేసు బొమ్మలు అమర్చి ఉండగా మొదటిసారి చూసినప్పుడు, "ఇది మన బొమ్మల కొలువే కదా!" అనుకున్నాము. వాళ్లు దానిని ప్రెసేపే అంటారు.

1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ జరిపిన క్రిస్మస్ పండుగను దీనికి మూలంగా చెబుతారు. గడ్డి తొట్టి, నిజమైన ఎద్దు, గాడిద, అంతే. 1291 ప్రాంతంలో ఆర్నోల్ఫో ది కాంబియో రోములోని శాంతా మరియా మజ్జోరె చర్చికి అదే ఘట్టాన్ని చలువరాతిలో చెక్కాడు. మాకు ఎక్కువ ప్రీతి మాత్రం రినైజాన్సు కాలపు మట్టిబొమ్మల మీద. మోదెనా పట్టణపు పెద్ద చర్చి నేలమాళిగలో గ్విదో మజ్జోని 1480ల్లో చేసినవి ఉన్నాయి. కాల్చిన మట్టి, పైన రంగులు, ఇంచుమించు మనిషంత బొమ్మలు. తల్లి ఒడిలో బిడ్డ. మోకరిల్లినవారు ఆ బొమ్మలు చేయించిన కుటుంబంవారే! పక్కనే ఒక పనిపిల్ల గిన్నె, చెంచా పట్టుకొని, పసివాడి నోరు కాలకుండా వేడి ఉగ్గును ఊదుతున్నది. అందుకే వాటికి 'మదొన్నా దెల్లా పప్పా' అని పేరు. పప్పా అంటే మన పప్పు కాదు సుమా, పిల్లలకు పెట్టే జావ. దేవుని బిడ్డకైనా చల్లార్చి పెట్టేవాళ్లు ఉండాలి కదా!

మన కొండపల్లివారూ అంతే. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికించి, దశావతారాలతో పాటు తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణీ చేశారు. అయితే అది తాతగారి ఊరు. మన పిల్లలు తాడిచెట్టు ఎరుగరు.

అందుచేత మొన్న సంక్రాంతి కొలువులో అడుగు మెట్టు పిల్లలకు వదిలాము. ఒక అబ్బాయి, విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో వస్తున్న తన నాయనమ్మను మట్టితో చేసి పెట్టాడు. పెద్దలలో కొందరికి నచ్చలేదు. "పండుగపూట కొలువులో చక్రాల కుర్చీ ఏమిటి, తీసెయ్యి నాయనా" అన్నారు. వాడి ముఖం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే, మేము కూడా వెంటనే వాడి పక్షాన మాట్లాడలేదు. ఇంతలో ఆ నాయనమ్మగారే వచ్చి, బొమ్మను ఇటూ అటూ తిప్పి చూసి, "చీర రంగు బాగానే ఉంది. మరి నా కళ్లజోడేదిరా?" అన్నారు.

వాడు సన్నని తీగ వెదకడానికి పరుగెత్తాడు. ఆ బొమ్మ ఈ సాయంత్రం బయట బల్లమీద, కళ్లజోడుతో సహా ఉన్నది. పిల్లలూ, చేతిలోకి తీసుకొని చూడవచ్చు.