లేహ్ దారిలో సైకిలు: పడక ఎత్తు లెక్క

(అసోసియేషన్ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "మీ సైకిలు యాత్ర గురించి ఒక పదిహేను నిమిషాలు చెప్పండి" అన్నారు. మంచు, లోయలు, సూర్యోదయం ఇవన్నీ ఫోటోల్లో చూడొచ్చు, వాటి జోలికి పోను. ఈమధ్య మన సంఘంలో యాభై దాటినవాళ్ళు నలుగురైదుగురు "మేమూ మనాలి నుంచి లేహ్ కు తొక్కుతాం, మాకు హై ఆల్టిట్యూడ్ కొత్తా ఏమిటి?" అంటున్నారు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా వాళ్ళకే. ఆ దారిని సర్వీసులో ఉండగా కాన్వాయ్ ట్రక్కులో చూశాను, రిటైరయ్యాక రెండుసార్లు సైకిలు మీద చూశాను. ట్రక్కులో చూసిన దారి వేరు, పెడలు తొక్కి చూసిన దారి వేరు.

రోహ్‌తంగ్ మీదుగా పోయే పాత దారిలో మనాలి నుంచి లేహ్ కు సుమారు 475 కిలోమీటర్లు. మనలో చాలామంది వెంటనే భాగహారం మొదలుపెడతారు. రోజుకి 60 కిలోమీటర్లయితే ఎనిమిది రోజులు, ఇంకేముంది అని. మైదానంలో ఆ లెక్క సరే. విజయవాడ నుంచి హైదరాబాదుకు అలాగే పోవచ్చు. లేహ్ దారిలో కిలోమీటరు రాయిని చూసి ప్లాను వేయకూడదు. ఈ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటున్నాం, నిన్న రాత్రి ఎంత ఎత్తున పడుకున్నాం, ఈ రెండు అంకెలే చూడాలి. పగలు ఎంత ఎత్తుకైనా ఎక్కి దిగండి, పడక మాత్రం మెల్లిగా పైకి జరగాలి. పదివేల అడుగులు దాటాక పడక ఎత్తు ఒక రాత్రికి సుమారు 1,600 అడుగులకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట రెండు రాత్రులు ఉండాలనీ డాక్టర్లు చెప్పే మాట.

ఇప్పుడు ఆ దారిని ఈ కళ్ళతో చూడండి. మనాలి 6,700 అడుగులు. 2020 అక్టోబరు 3న అటల్ టన్నెల్ ప్రారంభమయింది, 9.02 కిలోమీటర్ల పొడవు. మన బి.ఆర్.ఓ. వాళ్ళ కష్టం అది, దానికి సెల్యూట్. లారీలూ బస్సులూ చాలావరకు అందులోకి పోవడం వల్ల 13,050 అడుగుల రోహ్‌తంగ్ పాత దారి సైకిలువాడికి మునుపటికన్నా నిమ్మళంగా ఉంది. కానీ టన్నెల్ వల్ల ఇంకో సంగతి కూడా జరిగింది. బండిలో పోయేవాడు పొద్దున మనాలిలో టిఫిన్ చేసి మధ్యాహ్నం భోజనానికి కేలాంగ్ దాటేస్తున్నాడు. వెనకటికి రోహ్‌తంగ్ మీద జామ్ లో ఇరుక్కుని తిట్టుకుంటూ గడిపిన గంటలు ఒంటికి ఎంతోకొంత మేలు చేసేవి. అందుకే మనాలిలో సైకిలెక్కినవాడు మర్హీలో ఒక రాత్రి ఆగి, రోహ్‌తంగ్ ఎక్కి దిగితే మంచిదంటాను.

కేలాంగ్ 10,100, జిస్పా 10,500. ఇక్కడిదాకా హాయి. చెట్లుంటాయి, బఠాణీ చేలుంటాయి, దాబాలో రాజ్మా చావల్ దొరుకుతుంది. అసలు చిక్కు జిస్పా తర్వాతే. చాలామంది జిస్పాలో పడుకుని మర్నాడు బారాలాచా ఎక్కి దిగి సర్చూలో పడుకుంటారు. సర్చూ 14,070 అడుగులు. అంటే పడక ఒక్క రాత్రిలో మూడున్నర వేల అడుగులు పైకి పోయింది. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం అక్కడే మొదలవుతాయి.

ఈ సర్చూ ఎలాంటి చోటో మనవాళ్ళు గుర్తు చేసుకోవాలి. ఒంట్లో బాగాలేకపోతే కిందికి దించాలని మనకు నేర్పారు కదా. సర్చూ నుంచి కిందికి దారి లేదు. వెనక్కి కేలాంగ్ పోవాలంటే ముందు 16,040 అడుగుల బారాలాచా ఎక్కాలి. ముందుకు లేహ్ వైపు పోవాలంటే గాటా లూప్స్ ఇరవయ్యొక్క మలుపులు తిరిగి, 15,547 అడుగుల నకీలా, 16,616 అడుగుల లాచులుంగ్‌లా దాటాలి. రెండు కనుమల మధ్య గిన్నె అడుగులో కూర్చున్నట్టు. పాంగ్ సంగతీ అంతే, 15,100 అడుగుల చోటు, అటు లాచులుంగ్‌లా, ఇటు 17,480 అడుగుల తంగ్లాంగ్‌లా. కాకపోతే పాంగ్‌లో మన ట్రాన్సిట్ క్యాంపు ఉంది, అదొక ధైర్యం. కాబట్టి ఒంటి పరిస్థితి తేల్చుకోవలసింది సర్చూలో కాదు, జిస్పాలో. అక్కడినుంచి వెనక్కి పోతే దారి కిందికే పోతుంది.

నేను పాటించింది ఇది. జిస్పాలో రెండు రాత్రులు. రెండోరోజు ఖాళీ సైకిలుతో దార్చా దాటి పైకి ఎక్కి, సాయంత్రానికి మళ్ళీ జిస్పాకే. తర్వాత పట్సియోలో ఒక రాత్రి, సుమారు 12,400. ఆ తర్వాత జింగ్‌జింగ్‌బార్ లో ఒక రాత్రి, 14,000. మర్నాడు బారాలాచా దాటి సర్చూ. చూడ్డానికి నాలుగు రోజులు వేస్టు అనిపిస్తుంది. కానీ సర్చూలో నాకు అన్నం సయించింది, నిద్ర పట్టింది.

మొదటిసారి మాతో వచ్చిన ఒక రిటైర్డ్ నాయక్ ఉన్నాడు, పేరు చెప్పను, మనిషి బంగారం. గ్లేసియర్ లో టెన్యూర్ చేసినవాడు. "అన్నా, ఇరవైవేల అడుగుల దగ్గర ఉన్నవాణ్ణి, నాకు ఈ పద్నాలుగు వేలొక లెక్కా" అని జిస్పాలో మాతో ఆగకుండా ముందుకు పోయాడు. రెండు రోజుల తర్వాత మేం జింగ్‌జింగ్‌బార్ చేరేసరికి అతను లారీ క్యాబిన్ లో ఎదురొచ్చాడు. సర్చూలో రాత్రంతా కూర్చునే ఉన్నాడట, పడుకుంటే ఊపిరి ఆడలేదట, దగ్గితే గొంతులో గురగుర. ఆ లారీ డ్రైవరు అతన్ని తెల్లవారుజామునే ఎక్కించుకుని బారాలాచా దాటించాడు, కేలాంగ్ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. బతికాడు, ఇప్పుడు ఊళ్ళో మునిసిపాలిటీ రోడ్ల మీద తొక్కుతున్నాడు.

అతను సర్వీసులో నేర్చుకున్నది తప్పు కాదండీ. అందులో సగమే గుర్తుంచుకున్నాడు. మనకు ఆర్మీలో ఏం చేయించేవాళ్ళు? మొదటి స్టేజి 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, రెండోది 15,000 దాకా 4 రోజులు, మూడోది ఆపైన 4 రోజులు. మొదటి రెండు రోజులు రెస్టు, ఆ తర్వాతే నడక. నెల దాటి సెలవుపోయి తిరిగొస్తే మళ్ళీ మొదటినుంచీ. ఎంత సీనియర్ అయినా, ఎన్ని టెన్యూర్లు చేసినా మినహాయింపు లేదు. నాలుగు వారాలు ఇంట్లో ఉంటేనే లెక్క సున్నాకు వస్తే, మనం ఇంటికొచ్చి పదేళ్ళయింది. ఎక్లమటైజేషన్ పెన్షన్ లాంటిది కాదు, ఒకసారి సంపాదిస్తే జీవితాంతం రావడానికి. పైగా అప్పుడు మనకు ఇరవై అయిదేళ్ళు, ఇప్పుడు పొద్దున బీపీ మాత్ర.

ఇంకో మాట. క్యాంటీన్ సరుకు గురించి. దారిలో విస్కీ నాలా అనే చోటుంది, పేరు చూసి ఎవరూ ఉత్సాహపడవద్దు. పైన మొదటి రాత్రుల్లో రమ్ము వేసుకుంటే నిద్రలో ఊపిరి మందగిస్తుంది, పొద్దున తలనొప్పి రమ్ముదో ఎత్తుదో తెలియదు. డయామాక్స్ మాత్ర కూడా పక్కవాడు వేసుకున్నాడని వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళు తప్పనిసరిగా డాక్టరును అడగాలి. తాగినవాడిలా అడుగులు తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా మాత్రలతో కాలక్షేపం చేయకుండా వెంటనే దించేయడమే.

నన్నడిగితే మొదటిసారి పోయేవాళ్ళు మనాలి వైపునుంచి అసలు మొదలుపెట్టొద్దు. శ్రీనగర్ నుంచి పొండి. సుమారు 430 కిలోమీటర్లు. సోనామార్గ్ 9,000, జోజిలా 11,575, ద్రాస్ 10,800, కార్గిల్ 8,800. దారిలో అన్నిటికన్నా ఎత్తు ఫోటులా, 13,479 అడుగులు. అది కూడా పగలు దాటేదే, పడక ఎక్కడా లేహ్ ఎత్తును మించదు. చూడండి, కార్గిల్ దగ్గర మళ్ళీ కిందికి దిగుతాం, ఒంటికి అదొక వరం. ద్రాస్ లో తోలోలింగ్ కింద మెమోరియల్ దగ్గర సైకిలు ఆపకుండా ఎవరూ పోలేరు. హైదరాబాదు బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య, మహావీర చక్ర, 1999 జూన్ 28న ఆ కొండల మీదే ప్రాణమిచ్చారు. నేను అక్కడ గంటసేపు కూర్చున్నాను. లేహ్ చేరాక నాలుగు రోజులుండి, అప్పుడు మనాలి వైపు దిగితే తంగ్లాంగ్‌లా కూడా లొంగుతుంది. అక్కడ గాలి మన ఊళ్ళోదానికి సగం కన్నా కాస్తే ఎక్కువ. ఊపిరికీ ఊపిరికీ మధ్య పెడలు తిప్పాలి.

ప్రాక్టీసుకు అనంతగిరి ఘాట్ చాలు, అరకు దాకా తొక్కి రండి. కాళ్ళకది పనికొస్తుంది, ఊపిరికి మాత్రం కాదు. సైకిలు ఖరీదైనదే కానక్కరలేదు. ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం ఉండాలి, వెడల్పు టైర్లుండాలి. బ్రేకు రబ్బర్లు రెండు జతలు, స్పోకులు, చైను లింకులు మోసుకుపోవాలి, కేలాంగ్ దాటాక ఉప్షీ దాకా సైకిలు షాపు మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దున అయిదింటికి బయల్దేరాలి. మంచు కరిగే కొద్దీ రోడ్డు మీదికి పారే నాలాలు మధ్యాహ్నానికి పొంగుతాయి. పొద్దున మడమ లోతు ఉన్నది సాయంత్రం మోకాలు దాటుతుంది. మోరే మైదానంలో మధ్యాహ్నం ఎదురుగాలి మొదలైతే సమతల రోడ్డు మీద కూడా దిగి నడవాల్సిందే. ఎత్తు బోర్డులను నమ్మొద్దు. ఖర్దుంగ్‌లా మీద 18,380 అని చాలా ఏళ్ళు రాసిపెట్టారు, కొలిస్తే 17,582. ఫోటో దిగండి, వాదించుకోకండి.

ఈ జూలైలో పోదలచినవాళ్ళు భోజనాల తర్వాత నన్ను కలవండి. రెండు దారుల్లోనూ ఏ రాత్రి ఎక్కడ, ఎంత ఎత్తున పడుకోవాలో చేత్తో రాసిన కాగితం జిరాక్సులు ముప్పై తెచ్చాను. కాగితం తీసుకున్నవాళ్ళు ముందుగా ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్ కు పోయి ఇ.సి.జి., బీపీ, షుగరు చూపించుకుని, ఆ రిపోర్టులు పట్టుకుని వస్తే తేదీలు అప్పుడు మాట్లాడుకుందాం. జైహింద్.