చెత్త విద్యుత్తు: లాభనష్టముల లెక్క

(పఠనమందిర సభయందు మేము గావించిన ప్రసంగ పాఠము)



మేడ్చల్, శామీర్‌పేట వాసులకు చెత్తను గూర్చి యొరులు బోధింప నక్కఱలేదు. గాలి మళ్ళిననాడు జవహర్‌నగరు దిబ్బయే ముంగిటికి వచ్చి చెప్పిపోవును. పూర్వము శామీర్‌పేట మండలమున జేరియుండిన యా గ్రామమున నగరము గ్రుమ్మరించిన చెత్త కోటి టన్నులకు మించినది. పాత గుట్టపై మట్టి కప్పిరి. 2020లో చెత్తను దహించి 19.8 మెగావాట్ల విద్యుత్తు పుట్టించు కర్మాగారమును నెలకొల్పిరి.

నేడు మేము ముచ్చటింపదలచినది దహనమును గూర్చి కాదు. కుళ్ళిన టమాట, అరటిబోదె, మిగిలిన యన్నము సులభముగ మండవు. వానిలోని నీటిని ఆవిరి చేయుటకే వేడి వ్యర్థమగును. గాలి చొరని తొట్టిలో మురుగబెట్టినచో మాత్రము సూక్ష్మజీవులు వానిని తిని, మండెడి వాయువును విడుచును. ఆ వాయువుతో యంత్రము నడపవచ్చును.

మేడ్చల్ నుండి నగరమునకు బోవు దారిలోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో ఇట్టి కర్మాగారము నెలకొన్నది. విధానము తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారిది. దినమునకు పది టన్నుల చెత్త నుండి 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల యింధనమును తీయుచున్నారని 2021 జనవరిలో ప్రధానమంత్రి ఆకాశవాణిలో చెప్పగా దేశమంతయు వినినది.

పొగడ్త యటుండనిండు, లెక్క చూతము. యూనిటునకు ఎనిమిది రూపాయలని యెంచుకొన్నను దినాదాయము 4000 రూపాయలు, టన్నుకు 400. కూలీల జీతములు, యంత్రమును తినివేయు గంధకపు వాయువును తొలగించుట, మరమ్మతులు, పెట్టుబడిపై వడ్డీ, అన్నియు నిందుండియే రావలెను. గిట్టదని తలయూచి లేచిపోవు పెద్దలను మేమెఱుంగుదుము. వారి కూడికలో తప్పులేదు గాని పద్దు సగమే వ్రాసినారు. ఆ పది టన్నులను లారీలకెత్తి దిబ్బకు మోయు డీజిలు, డ్రైవరు కూలి, దిబ్బపై జాగా మిగిలినవి గదా! అవి విద్యుత్తు పద్దులో కానరావు. పుట్టిన విద్యుత్తును మార్కెట్టు దీపములకే వాడుకొన్నచో కొనుగోలు ధర మిగులును. బయటి తీగలకెక్కించి యమ్మినచో సాధారణముగ అంత గిట్టదు. ఇక చెడిన బోరునీటికి జవహర్‌నగరు బీదలు చెల్లించుచున్న మూల్యము ఏ మునిసిపాలిటీ పద్దులోనున్నది?

అట్లని యెల్లెడల యంత్రములు దింపుడని మేమనము. లక్నోలో 2003లో 5 మెగావాట్ల వాయువిద్యుత్ కర్మాగారమును గట్టిరి. వచ్చిన చెత్తలో ఇసుక, మట్టి కలసియుండుటచే నది మూతపడినది. మార్కెట్టు చెత్త దాదాపు శుద్ధముగనే వచ్చును. మన యిండ్లనుండి వెడలు బుట్టలో సీసాపెంకులు, సంచులు, మందుబిళ్ళల రేకులు నుండును. తడి పొడి వేరుచేయవలెనని 2016 నాటి నియమములు ఆజ్ఞాపించినవి. మన వంటయింటి మూలనున్న బుట్టలెన్నియో యెవరికివారే యెంచుకొందురు గాక!

మీ యూరి కూరగాయల అంగళ్ళ చెత్తను ఒక వారము తూచి చూడుడు. దానిని మోయుటకగు ఖర్చును మునిసిపాలిటీవారి నడుగుడు. ఆ రెండంకెలను మాకు పంపినచో ఈ పుటయందే ప్రకటింతుము.